చెవి వెనక మచ్చ

"నాలుగు వారాలు! నాలుగు వారాలు ఆగమని ఈ కాగితంలో రాసినారంట. మీరిద్దరూ ఎన్ని దినాలు ఆగినారు? అదొక్కటి చెప్పండి నాకు!"

మార్కండేయ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. నిన్న సాయంత్రం పెళ్లాం పరుపు కింద దొరికిన కాగితాన్ని పొద్దున్నే మందుల షాపు ఐజాక్ చేత చదివించుకొని వచ్చాడు. వచ్చినవాడు చెప్పులు కూడా విప్పలేదు. చెప్పులతో నడవలోకి వచ్చిన కొడుకును భద్రమ్మ ఏమీ అనలేదంటే, ఆ ఇంట్లో సంగతి ఎంతవరకు వచ్చిందో మీరే ఊహించుకోవచ్చు.

నడవలో తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద పద్మజ కూర్చుంది. ఆ ఇంటి చిన్నకోడలు. ఎదురుగా స్టాండుకు బిగించిన ఫోను, అటొక లైటు, ఇటొక లైటు, ఒళ్లో సగం విప్పిన పెద్దంచు పట్టుచీర. చీరలు అమ్మే పదకొండు గంటల లైవు అప్పుడే మొదలైంది. చూస్తున్న ఆడవాళ్లు నాలుగువందల మంది. వాళ్లలో సగంమంది రాస్తున్నది ఒకటే మాట: సువర్ణక్క ఎక్కడ?

"ఫోను ఆపు శశీ! మన రచ్చంతా ఊరికి వినిపిస్తాంది," అంది భద్రమ్మ.

శశి అంటే పద్మజ మొగుడు, మార్కండేయ తమ్ముడు. ఫోను పట్టుకోవడం, చీరలు అందించడం అతని పని. గబగబా వచ్చి ఫోను ఆపేశాడు. ఆపి, ఇక ఏం చేయాలో తెలియక దాని అద్దాన్ని చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డాడు. ఆ మనిషి అంతే. ఇల్లు కూలుతున్నా ముందు ఛార్జింగు ఎంతుందో చూసుకుంటాడు.

"ఎనిమిది దినాలు," అంది వంటింటి గుమ్మంలోంచి సువర్ణ.

పెద్దకోడలు. మార్కండేయ భార్య. కొంగు ముక్కు మీదుగా లాక్కొని, కళ్లు మాత్రం కనబడేలా నిలబడింది. పది రోజులుగా ఆ ఇంట్లో ఆమె అలాగే తిరుగుతోంది. అన్నం కూడా గోడవైపు తిరిగి తింటోంది.

"ఎనిమిది! విన్నావామ్మా? నెల ఆగమంటే ఎనిమిది దినాలకే పోయి మొగం కాల్పించుకొని వచ్చినారు."

"కాల్పించుకోలేదు. లేజరు."

"ఏదో ఒకటి! కొంగు తియ్యి, చూడనీ."

"నిన్న చూస్తివి కదా."

"ఈ పొద్దు చూడాల."

తీసింది. తీసి, చూసుకోండి అన్నట్టు వచ్చి లైట్ల ముందు నిలబడింది. ముడతలు తగ్గాయి, అది అబద్ధం కాదు. కళ్ల చివర్ల గీతలు, నోటి పక్క గీతలు సగానికి సగం పోయాయి. వాటి బదులు నుదుటి మీద, రెండు బుగ్గల మీద తాంబూలంలో వేసే కాచు రంగు మచ్చలు పరుచుకున్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే గళ్లు గళ్లుగా, లేజరు పడినచోటల్లా.

పద్మజ తల పక్కకు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం సువర్ణ చూసింది. జాలి పడి తిప్పుకుందా, నవ్వు దాచుకోవడానికి తిప్పుకుందా? ఈ పది రోజులుగా ఎవరు ఎటు చూసినా సువర్ణకు ఇదే ఆలోచన. అత్త పక్కింటామెతో గుసగుసలాడితే తన గురించే. శశి ఫోనులో ఏదో చూసి ముసిముసిగా నవ్వితే తన ఫొటోనే.

"నలభై నాలుగేండ్లకు ఏంటికి నీకు ఈ సోకు?" అన్నాడు మార్కండేయ. "ఎవురికోసరం?"

ఆ మాట అనకూడదు. అన్నాక తనకే తెలిసింది, కాగితం ఊపడం ఆపేశాడు. కానీ నోరు జారిపోయింది కదా.

"ఎవురికోసరమా?" సువర్ణ గొంతు పెంచలేదు. "నీ నాలుగు మగ్గాల కోసరం. ఐదేండ్లు ఆ ఫోను ముందర కూర్చుంటి. పోయిన ఉగాదికి లైవులో ఎవతో రాసింది, 'అవ్వా, నువ్వు లేసి నీ మనవరాలిని కూర్చోబెట్టు' అని. అందరూ నవ్వే బొమ్మలు పెట్టినారు. నువ్వూ చూస్తివి. ఆ పొద్దు ఈ ఇంట్లో ఒక్కరన్నా నాతో ఒక మాట అన్నారా? మరుసటి దినమే నీ తమ్ముడు వచ్చి, 'వదినా, వారానికి రెండు దినాలు పద్మజ కూర్చుంటాది, నువ్వు రోంత రెస్టు తీసుకో' అన్లేదా?"

శశి ఫోను తుడవడం ఆపి పైకప్పు చూశాడు.

"నాకు తెలీదనుకున్నారా ఏంటికి అంటాండారో? రెండు దినాలు నాలుగు అవుతాయి, నాలుగు ఏడు అవుతాయి. దానికే పోతి బెంగళూరుకి. సోకుకి కాదు."

 సమాధానం లేని మగవాడు ఏం చేస్తాడు? ఇంకొకరి మీదికి తిరుగుతాడు. మార్కండేయ కూడా పద్మజ మీదికి తిరిగాడు.

"చూడమ్మా పద్మజా. మీ అక్కది ఏడో తరగతి చదువు. నీకు ఇంగ్లీషు వచ్చు, కన్నడం వచ్చు. తీసకపోయినదానివి నువ్వు. ఈ కాగితం కింద నీ సంతకం ఉండాది. చదవకుండా పెట్టినావా, చదివి దాచిపెట్టి పెట్టినావా?"

"చదివితి బావా."

"మరి ఈమెకు చెప్పినావా?"

పద్మజ సువర్ణ వైపు చూసింది. సువర్ణ కొంగును మళ్లీ ముక్కు మీదికి లాక్కుంది.

"చెప్పినానంటే మీరు నమ్మేదుంటే చెప్పినట్టు. లేదంటే లేదు," అంది పద్మజ.

ఇది జవాబా? అవునని చెప్పి బయటపడక, కాదని చెప్పి తిట్లు తినక, మధ్యలో ఈ మాటేమిటి? భద్రమ్మకు ఒళ్లు మండిపోయింది.

"చూసినారా దాని పొగరు! పోయిన వారం బెంగళూరు ఆస్పత్రితో గదిలో తలుపేసుకొని కన్నడంలో గంటసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఎవురికి తెలుసు? ఈమె మొగానికి మచ్చలు పడె, దానికి ఫోను ముందర పరుపు దొరికె. శ్రావణమాసం ఇంగ వారముండాది. ఈ యేడు వరలక్ష్మి వ్రతం చీరలు ఎవురు అమ్ముతారప్పా? ఇదే కదా!"

"అమ్మా..." అన్నాడు శశి.

"నువ్వు ఊరకుండు!"

శశి మళ్లీ ఫోను అద్దం తుడవసాగాడు.

"రెండు గంటలకు మడకశిర బస్సు ఉండాది," అంది భద్రమ్మ. "పద్మజా, పుట్టింటికి పో. మీ పెద్దోళ్లు వచ్చి మాట్లాడినాకనే మళ్ల ఈ గడప తొక్కేది. నీ మొగుడు వస్తానంటే తీసకపో, యాడన్నా వేరు కాపురం పెట్టుకోండి. ఒకే ఇంట్లో ఉండి పక్కదాని మొగం చెరిపినదాన్ని నేను పెట్టుకోను."

మార్కండేయ అడ్డు చెప్పలేదు. శశి వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. పద్మజ లేచింది. ఒళ్లోని చీరను పాత మడతల మీదే మడిచి, అంచులు కలిపి, దొంతరలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తొమ్మిదేళ్ల కాపురం చేసిన మనిషి ఒక్క కన్నీటిచుక్క రాల్చకపోవడం కూడా భద్రమ్మకు అనుమానంగానే ఉంది.

పద్మజ గది తలుపు దగ్గర సువర్ణ చాలాసేపు నిలబడింది. లోపల బ్యాగులోకి రెండు చీరలు, దువ్వెన, ఫోను ఛార్జరు వెళ్లాయి.

"ఏంటికి చెప్పలేదు?" అంది సువర్ణ.

"ఏం చెప్పాల?"

"తెలిసి అడగొద్దు పద్మజా."

పద్మజ దువ్వెన తీసి మళ్లీ పక్క అరలో పెట్టింది. అక్కర్లేని పని. "నేను చెప్తే పెదనాయనను అత్త ఈ గడప తొక్కనీదు. నువ్వు చెప్తే, ఆయన నీ నాయన, ఈయన నీ మొగుడు, మీరు మీరు చూసుకుంటారు. చెప్పాల్సింది నేను కాదు కదక్కా."

పెదనాయన అంటే సువర్ణ తండ్రి నారాయణప్ప. ఆయన సంగతి చెప్పకపోతే మీకు ఈ ఇద్దరి మధ్య మౌనం అర్థం కాదు.

బెంగళూరు డాక్టరమ్మ మొదట సువర్ణ కుడిచెవి వెనక ఒక్క చుక్క మేరకే లేజరు పెట్టింది. పెట్టి, కన్నడంలో వివరంగా చెప్పింది. తెల్లతోలు వేరు, మన చామనచాయ తోలు వేరు. మన తోలుకు వేడి తగిలితే లోపల రంగు ఊరుతుంది. అది పైకి తేలడానికి మూడు వారాలు పట్టొచ్చు, నాలుగు పట్టొచ్చు. అంతవరకు ఆగండి, చెవి వెనక మచ్చ రాకపోతేనే ముఖానికి చేస్తాను. ఈ మాటలన్నీ పద్మజ తెలుగులో చెప్పింది. ఒకటి కూడా వదలలేదు. సువర్ణ తల ఊపింది కూడా.

కానీ నాలుగు వారాలు ఆగి, ఆపైన ముఖం మానేసరికి శ్రావణం వచ్చేస్తుంది. పైగా సువర్ణ రంగులు అద్దేవాడి కూతురు. ధర్మవరంలో ఒకప్పుడు నారాయణప్ప "పక్కా" అన్న పట్టును ఎవరూ రెండోసారి పరీక్షించేవాళ్లు కాదు. రంగు నిలుస్తుందా లేదా అన్నది ఆమెకు డాక్టర్లు నేర్పాలా? ఎనిమిదో రోజు సువర్ణ, పద్మజ స్కూటీ వెనక ఎక్కి, తండ్రి రంగుల షెడ్డుకు వెళ్లింది. కూతురి చెవి మడిచి పట్టుకొని, తెల్లగుడ్డ తడిపి, చుక్క పెట్టినచోట నారాయణప్ప గట్టిగా రుద్దాడు. గుడ్డను కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకొని చూశాడు.

"గుడ్డకు ఏమీ అంటలేదు. పట్టుకైతే మూడో దినానికే తెలిసిపోతాది. దీనికి ఎనిమిది దినాలు. పక్కా! ఇంగ కదలదు. పో, చేయించుకో," అన్నాడు.

పట్టుకు రంగు పోతుందా అని చూస్తారు. తోలుకు రంగు వస్తుందా అని చూడాలి. రెండూ ఒకటి కాదని ఆ షెడ్డులో ఉన్న ముగ్గురిలో ఒక్కరికే తోచింది. "అక్కా, డాక్టరమ్మ చెప్పింది వేరే కదా," అంది పద్మజ. "మా నాయన కన్నా ఎక్కువా నీ డాక్టరమ్మ?" అంది సువర్ణ. ఆ షెడ్డులో నుంచే ఆస్పత్రికి ఫోను చేయించి, మచ్చ రాలేదని చెప్పించింది. ఫోను ఎత్తిన పిల్ల, సరే రండి, వచ్చి సంతకాలు పెట్టండి అంది. అంతే.

బెంగళూరులో పెళ్లివారికి చీరలు చూపించాలని ఇంట్లో చెప్పి సువర్ణ వెళ్లి, ముఖం చేయించుకొని, వారం గుంతకల్లులో అక్క ఇంట్లో దాక్కుంది. పొట్టు రాలి ముఖం తళతళలాడుతూ వచ్చింది. వచ్చిన రోజే మిద్దె ఎక్కి, రంగు ఎండలో చూస్తే గానీ నమ్మని కొనేవాళ్ల కోసం రెండు గంటలు ఎండలో నిలబడి చీరలు చూపించింది. వద్దక్కా, ఎండ తగలకూడదన్నారు అని పద్మజ కిందికి లాగితే, "నా మొగం బాగుంటే నీకు కండ్లు మండుతాండాయా?" అంది. తర్వాత వారానికి నుదుటి మీద మొదటి మచ్చ తేలింది.

"నాయన్ను వదిలేసి ఇంకేమన్నా చెప్పొచ్చు కదా నువ్వు," అంది సువర్ణ. "నేను వినలేదని చెప్పొచ్చు కదా."

"అది నువ్వే చెప్పొచ్చు. పొద్దున్నుంచి ఎన్నిసార్లు చూస్తి నీ వైపు!"

సువర్ణకు కోపం వచ్చింది. తప్పు తనదని తెలిసినప్పుడు వచ్చే కోపం మరీ చెడ్డది.

"నాకు ఉపకారం చేస్తాండావా? ఈ మాట దాచిపెట్టుకొని రేపు నన్నేం అడగాలని?"

  పద్మజ బ్యాగు జిప్పు లాగితే మధ్యలో చీర అంచు చిక్కుకుంది. సువర్ణ అలవాటు కొద్దీ వంగి, అంచు చిరగకుండా మెల్లగా విడిపించింది. ఇద్దరి తలలూ దగ్గరికి వచ్చాయి. అప్పుడు సువర్ణకు ఏడుపు ముంచుకొచ్చింది.

"మా నాయనకు డెబ్బై మూడు," అంది. "మగ్గాలోళ్లందరూ రంగులేసే మిషన్ల తావుకు పోయినారు. మా ఆయన ఒక్కడే ఆయనకు పట్టు ఇస్తాండేది. రంగు చూసే కన్ను పోయిందని తెలిస్తే అదీ నిలిచిపోతాది. పని లేకుంటే ఆయన బతకడు పద్మజా."

"నాకు తెలుసు. అందుకే కదా నోరు మూసుకున్యా."

"ఈ పొద్దు నాయన వస్తాడు, పట్టు ఇచ్చేకి. ఆయన చెవిలో ఒక మాట వేసి, ఆయన్నే మెల్లగా చెప్పమంటా. ఆయన నోటితో వస్తే ఆయనకూ మర్యాదగా ఉంటాది. రోంత ఓర్చుకో."

"రెండు గంటలకు బస్సక్కా," అంది పద్మజ.

నారాయణప్ప ఒంటిగంటన్నరకు వచ్చాడు. మోపెడు వెనక తెల్లగుడ్డలో కట్టిన పట్టు నూలు. సువర్ణ ఎదురు వెళ్లేలోపే మార్కండేయ వాకిట్లో కలిశాడు. ఆమె అనుకున్న చెవిలో మాట అక్కడే ఆగిపోయింది.

"ఏమప్పా, మగ్గాల చప్పుడే లేదు? పండగా ఏమన్నా?"

"రా మామా. కూర్చో."

మార్కండేయ మూట విప్పాడు. అడిగింది వంకాయ రంగు. వచ్చింది ఎరుపు తిరిగిన బీట్‌రూటు రంగు. మార్కండేయ ఒక కట్టను వెలుగులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, మామ ముఖం చూసి, మళ్లీ మూటలో పెట్టేశాడు. సువర్ణ ఇదంతా చూసింది. మొగుడి మీద పొద్దున్నుంచి ఉన్న కోపం ఆ ఒక్క క్షణం లేకుండా పోయింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, మంచివాడు.

భద్రమ్మ నీళ్లచెంబు తెచ్చి ఇచ్చింది. "సమయానికి వచ్చినావన్నా. నీ బిడ్డ మొగం ఏమైందో చూడు. నువ్వు పెద్దమనిషివి, మా మాట కాదు, నీ మాటే. న్యాయం నువ్వే చెప్పు."

"ఏమైంది?"

"నువ్వే చూడు."

మచ్చలు వచ్చాక సువర్ణ తండ్రి కంటబడలేదు. కొంగు తీయగానే నారాయణప్ప "అయ్యో తల్లీ" అన్నాడు. లేచి ఆమె గడ్డం పట్టుకొని వాకిట్లోకి, ఎండ పడేచోటికి నడిపించాడు. జీవితమంతా ఆయన రంగు చూసింది అక్కడే. నుదురు చూశాడు. ఎడమ బుగ్గ, కుడి బుగ్గ. ఆయన ఊపిరి ఆమె ముఖానికి తగిలేంత దగ్గరగా వచ్చి చూశాడు. తర్వాత కుడిచెవి ముందుకు మడిచాడు.

అక్కడ చింతగింజంత మచ్చ ఉంది. నల్లగా, గట్టిగా. ఆయన వేలు దాని మీదికి వచ్చి ఆగిపోయింది.

"నాయనా," అంది సువర్ణ, వినీ వినబడనట్టు.

ఆయన చెయ్యి తీసేశాడు. భుజం మీది తువ్వాలుకు వేళ్లు తుడుచుకున్నాడు, రంగు అంటినట్టు. వచ్చి నడవలో కూర్చొని చెంబెడు నీళ్లూ తాగాడు. తెలిసిపోయింది ఆయనకు.  ఇక ఆయనే చెప్తాడని సువర్ణ అనుకుంది. ఆయన చెప్తే మార్కండేయ ఏమీ అనడు, పాడైన పట్టునే ఊరుకున్నవాడు.

మార్కండేయ కాగితం చూపించాడు. నాలుగు వారాలు, ఎనిమిది రోజులు, పద్మజ సంతకం, ఐజాక్ చదివింది అంతా వరసగా చెప్పాడు. "డాక్టరుకు ఫోను చేసి మచ్చ రాలేదని చెప్పింది కూడా పద్మజేనని దాంట్లో ఉండాదంట. మందులు పూస్తే తేటపడేకి ఆరు నెలలు, యాడాది పడతాదంట. ఏం చేయమంటావు మామా?"

పద్మజ బ్యాగు పట్టుకొని గదిలోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.  ఎదురింట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడుతోంది.

నారాయణప్ప పట్టు మూట వైపు చూశాడు. 

"నాలుగు వారాలని రాసినాక ఆగాల్సింది," అన్నాడు చివరికి. "చదువుకున్న పిల్ల. చెప్పాల్సింది."

సువర్ణ తాను సరిగా విన్నదా లేదా అనుకుంది.

"కోపంతో అనడంలేదమ్మా పద్మజా. ఇంట్లో మనసులు బాగలేవు. రోన్నాళ్లు నీ పుట్టింటికి పోయి రా. మొగం తేటపడినాక అందరూ మరిచిపోతారు."

ఎంత మెత్తగా అన్నాడో!  పది రోజుల్లో సువర్ణ అనుమానించని మనిషి లేదు. అత్తను, మరిదిని, మొగుణ్ణి, తోడికోడల్ని, గుంతకల్లు అక్కను కూడా. ఈయన జోలికి మాత్రం పోలేదు. ఈయన్ను కాపాడాలనే కదా పొద్దున్నుంచి కొంగులో నోరు దాచుకుంది.

"బస్సు టైమయితాంది," అంది భద్రమ్మ. పద్మజ గడప దాటింది. ఒక కాలికి చెప్పు తొడుక్కుంది.

"ఆగు," అంది సువర్ణ.

కొంగు పూర్తిగా దించేసింది. తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాయనా, ఎనిమిదో దినం నేను నీ షెడ్డుకు వచ్చింటి. నా చెవి మడిచి చూస్తివి. పక్కా, పోయి చేయించుకో అంటివి. నువ్వు చెప్పినాకనే నేను పోతి. పద్మజ వద్దనింది. కాగితంలో ఉండేదంతా చదివి చెప్పింది. వినంది నేను. ఫోను చేయించింది నేను."

మార్కండేయ కుర్చీలోంచి సగం లేచాడు. "మామా?"

 నారాయణప్ప కళ్లు మళ్లీ పట్టు మూట మీదికి వెళ్లాయి. పాపం, ఆ మూటలో రంగు తప్పిందని ఆయనకు తెలుసు, తన చూపు తప్పిందని ఇంకెవరికీ తెలియకూడదని ఆయన భయం. ఆ భయానికి కూతురు కూడా కనబడలేదు.

"నేనా? నేనెప్పుడు చూస్తినమ్మా?" అన్నాడు. "లేజర్లు గీజర్లు నాకేం తెలుసు? నా తావుకు నువ్వు వచ్చి నెలలైంది కదా."

"నాయనా!"

"మనసు బాగలేదు పిల్లకు. ఏదో అంటాంది."

భద్రమ్మ చెయ్యి నోటి మీద పెట్టుకుంది. "అయ్యో! తోడికోడలిని నిలబెట్టేకి కన్నతండ్రి మీద వేస్తివే! మీరిద్దరూ కలిసి ఏం దాస్తాండారే?"

మార్కండేయ పెళ్లాం వైపు చూసిన చూపు సువర్ణకు కొత్త. పొద్దున సోకు ఎవరి కోసమని అడిగినప్పుడు కూడా అలా చూడలేదు.

"ఎవురు చూసినారు నువ్వు ఆడికి పోయింది?"

"పద్మజ. స్కూటీ మీద తీసకపోయింది ఆమే. నా పక్కనే ఉన్నింది."

అందరూ గడప వైపు తిరిగారు. నారాయణప్ప మాత్రం తిరగలేదు.

"చెప్పమ్మా," అన్నాడు మార్కండేయ. "నువ్వు ఆడ ఉంటివా? ఈయన అట్ల అన్నాడా?"

ఒక కాలికి చెప్పు, రెండో కాలు ఉత్తది, చేతిలో బ్యాగు. పద్మజ నారాయణప్పను చూసింది, మార్కండేయను చూసింది, చివరికి సువర్ణను చూసింది.

"పొద్దున్నుంచి ఈ ఇంట్లో నేను అబద్ధాలదాన్ని. ఇప్పుడు సాక్ష్యం కూడా నాదేనా?" అంది. "నేను ఎవురికి చెప్పినా తర్వాతి మాట. నువ్వు చెప్పక్కా. నేను నోరు తెరిస్తే నిజమే చెప్తానని, దానికి నిన్ను రేపు ఏమీ అడగనని, నువ్వు నమ్ముతాండావా?"

సువర్ణ నోరు తెరిచింది. నమ్ముతాండా అనాలి. ఒక్క మాట.

ఆ ఒక్క మాట వెంటనే రాలేదు. రాకపోవడం పద్మజ చూసింది. వంగి, రెండో చెప్పు కూడా తొడుక్కుంది.